క్వార్టర్ తాళం అప్పజెప్పిన రోజు

జుబైల్ నుంచి మాట్లాడుతున్నా. ఇది మన పోయిన శుక్రవారం ఎపిసోడ్‌కి రాతరూపం. డ్యూటీల వల్ల విననోళ్ళు, క్యాంపులో నెట్టు సరిగ్గా అందనోళ్ళు చదువుకుంటారని పెడుతున్నా. మాట్లాడేటప్పుడు తడబడ్డచోట సరిచేసిన, మరిచిపోయిన ఒకటి రెండు సంగతులు కలిపిన.

ఈసారి సంగతి గురుకులాల సార్లు, మేడమ్‌ల గురించి. పేరున్న హెడ్మాస్టర్ల గురించి కాదు. ఒకే క్యాంపస్‌లో ఇరవై, ముప్పై ఏళ్ళు ఉండి, ఒక నెలాఖరున శాలువా కప్పించుకుని, క్వార్టర్ ఖాళీ చేసి వెళ్ళిపోయినవాళ్ళ గురించి. గల్ఫ్‌లో ఉన్న మనకు వాళ్ళతో ఏం పని అనుకోకండి. మనలో ఎంతమంది పిల్లలు గురుకులాల్లో, హాస్టళ్ళలో పెరిగిన్రో ఒక్కసారి లెక్కేసుకోండి.

2024 జూన్ చివరి శనివారం. ఎండాకాలం రూల్ తెలుసు కదా, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు బయట ఎండలో పని చేయించకూడదు. ఆ టైంలో నేను సైట్ పక్కన షెడ్డులో తలకింద హెల్మెట్ పెట్టుకుని పడుకున్నా. మా బిడ్డ దగ్గరినుంచి వీడియో వచ్చింది. తను చదివిన గురుకులంలో తెలుగు మేడమ్ రిటైర్‌మెంట్ ఫంక్షన్. పూలదండ, శాలువా, జ్ఞాపిక, పిల్లల ఏడుపు, అన్నీ మామూలే. చివర్లో ఒక ముక్క ఉంది. మేడమ్ తన క్వార్టర్‌కు తాళం వేసి, ఆ తాళంచెవిని ప్రిన్సిపల్ చేతిలో పెడుతోంది. పెట్టాక కూడా చెయ్యి వెనక్కి తీసుకోవడానికి కాసేపు పట్టింది. నేను అది నాలుగుసార్లు చూసిన.

ఎందుకంత పట్టిందో తర్వాత చెప్తా. ముందు కొంచెం చరిత్ర.

సర్వేల్‌లో మొదలైంది

మన రాష్ట్రంలో ప్రభుత్వ గురుకుల విద్య 1971 నవంబర్ 23న మొదలైంది. ఊరు సర్వేల్. అప్పటి నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో సంస్థాన్ నారాయణపురం మండలం. ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు గారు. ఆయన ముఖ్యమంత్రి అయ్యి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. అంతకుముందు విద్యామంత్రిగా చేసిన మనిషి, అందుకే ఆ ఆలోచన తయారుగా ఉన్నట్టుంది. పల్లెటూరి పేద పిల్లల్లో చురుకైనవాళ్ళను పరీక్ష పెట్టి ఎంచుకోవాలి, తిండి, బట్ట, పుస్తకం, పడక అన్నీ సర్కారే ఇవ్వాలి, టీచర్లు కూడా అక్కడే పిల్లలతోపాటు ఉండాలి. అదీ ప్లాన్.

స్థలం ఇచ్చింది సర్వోదయ నాయకుడు మద్ది నారాయణరెడ్డి గారు. ఆ జిల్లాకు భూమి దానమివ్వడం కొత్త కాదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇచ్చిన పోచంపల్లి కూడా ఆ జిల్లాలోనిదే.

మరుసటి ఏడాది, 1972లో, కోస్తాకు గుంటూరు జిల్లా తాడికొండలో, రాయలసీమకు అనంతపురం జిల్లా కొడిగెనహళ్ళిలో ఇలాంటి బడులే పెట్టారు. మూడు ప్రాంతాలకు మూడు. వాటిని చూసుకోవడానికి ఒక సొసైటీ ఏర్పడింది. పి.వి. గారు ముఖ్యమంత్రిగా ఉన్నది పదిహేను నెలలకు కొంచెం ఎక్కువ. 1973 జనవరిలో దిగిపోయారు. బడి మాత్రం ఆగలేదు. తర్వాత ఆయన కేంద్రంలో మానవ వనరుల మంత్రి అయ్యాక నవోదయ విద్యాలయాలు వచ్చాయి. వాటి వెనక సర్వేల్ అనుభవం ఉందని చాలామంది చెప్తారు.

ఇక్కడ ఒక మాట గమనించండి. సర్వేల్ బడి మొదలైన నాలుగేళ్ళకు, 1975లో, ఇక్కడ జుబైల్, యాన్బూలకు రాయల్ కమిషన్ పెట్టారు. అప్పటిదాకా జుబైల్ అంటే చేపలు పట్టేవాళ్ళు, ముత్యాలకోసం సముద్రంలో మునిగేవాళ్ళు ఉండే ఊరు. 1933లో చమురు వెతకడానికి అమెరికా జియాలజిస్టులు దిగింది కూడా ఈ ఒడ్డునే. 1973లో చమురు ధర పెరిగింది, చేతికొచ్చిన డబ్బుతో ఇక్కడ ఇసుకలో ఫ్యాక్టరీలు లేపారు. వాటికి మనుషులు కావాలి. మా పెదనాయిన లాంటివాళ్ళు భూమి మీద బతకలేక ఇటు వచ్చిన్రు. అదే దశాబ్దంలో డిగ్రీ, బీఈడీ చేసిన మన ఊళ్ళ యువకులు కొందరు గురుకులాలకు పోయిన్రు. ఇద్దరూ ఇల్లు వదిలినవాళ్ళే. ఇద్దరికీ పనితోపాటే పడక ఇచ్చిన్రు. పని అయిపోతే పడక కూడా పోతుందనే సంగతి ఆ వయసులో ఎవరు పట్టించుకుంటారు?

గంట కొడితే లేచిన బతుకు

మామూలు స్కూల్ టీచరు నాలుగున్నరకు ఇంటికి పోతడు. గురుకులం టీచరుకు ఇల్లూ బడీ ఒకే గోడకు అటూ ఇటూ. తెల్లవారుజామున గంట, వ్యాయామం, పొద్దటి స్టడీ, క్లాసులు, సాయంత్రం ఆటలు, రాత్రి స్టడీ. ఒక్కో టీచరుకు కొందరు పిల్లల బాధ్యత. రాత్రి డ్యూటీ వంతులవారీగా. ఎవరికి జ్వరమొచ్చింది, ఎవరు అన్నం సరిగ్గా తినలేదు, ఎవరు గోడ దూకి సినిమాకు పోయిన్రు, అన్నీ వాళ్ళే చూడాలి. వాళ్ళ సొంత పిల్లలు ఆ క్యాంపస్‌లోనే పెరుగుతారు. అమ్మను ఇంట్లో అమ్మా అని, బయట మేడమ్ అని పిలుస్తూ.

సర్వేల్‌లో చదివినవాళ్ళలో తెలంగాణ డీజీపీగా చేసిన మహేందర్ రెడ్డి గారున్నారు, ఐఏఎస్ అధికారిగా చేసిన బుర్రా వెంకటేశం గారున్నారు. 1980ల్లో సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. తెలంగాణ వచ్చాక బీసీ పిల్లలకు, మైనారిటీ పిల్లలకు వేర్వేరుగా గురుకులాలు పెద్ద ఎత్తున తెరిచారు. మైనారిటీలవే రెండు వందలకు పైగా. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. వెంట ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల, మనలో చాలామంది జిల్లానే. ఆ రోజు ఇక్కడ మా రూములో మిఠాయి పంచినం.

పైకి వచ్చిన పిల్లల పేర్లు మనకు గుర్తున్నాయి. స్థాపించినవాళ్ళ పేర్లు శిలాఫలకం మీద ఉన్నాయి. పొద్దున ఐదింటికి లేపినవాళ్ళ పేర్లు మాత్రం పాత హాజరుపట్టీల్లోనే మిగిలిపోతున్నాయి.

రిటైర్‌మెంట్ వయసు అనే కథ

ఇది లెక్కల సంగతి, కొంచెం ఓపిక పట్టండి. ఉమ్మడి రాష్ట్రంలో ఉద్యోగుల రిటైర్‌మెంట్ వయసు 58. 1983లో ఎన్టీఆర్ గారి ప్రభుత్వం దాన్ని 55కి తగ్గించింది. యువతకు ఉద్యోగాలు రావాలని కారణం చెప్పారు. ఒక్క దెబ్బకు వేలమంది ఇంటికి పోయిన్రు. గొడవలయ్యాయి, కోర్టులకెక్కారు, తర్వాత మళ్ళీ 58 చేశారు. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ 2014లో 60 చేసింది, 2022లో 62 చేసింది. తెలంగాణ 2021లో 58 నుంచి 61 చేసింది.

ఈ 61 వల్ల ఒక విచిత్రం జరిగింది. 2021 మార్చి నుంచి దాదాపు మూడేళ్ళు వయసు నిండి దిగిపోయేవాళ్ళు లేకుండా పోయిన్రు. 2024 మార్చి నుంచి మళ్ళీ మొదలైంది. ఆగిన నీళ్ళు ఒక్కసారి వదిలినట్టు. అందుకే ఆ ఏడాది నుంచి మన ఫోన్లలో శాలువాల ఫోటోలు అన్ని వచ్చినయి.

ఇంకొకటి. జూన్ నెలాఖరున ఎందుకంతమంది రిటైర్ అవుతారో తెలుసా? ఉద్యోగి పుట్టిన నెల చివరి రోజున దిగిపోవాలి. ఒకటో తారీఖున పుట్టినవాళ్ళయితే ముందు నెల చివరి రోజునే. ఆ తరంలో పుట్టిన తేదీ రాసి పెట్టుకున్న ఇళ్ళు ఎన్ని? బడిలో వేసేటప్పుడు సారు లెక్కకట్టి జూన్‌లోనో జూలై 1 అనో రాసిండు. మా బిడ్డ వాళ్ళ మేడమ్‌ది కూడా జూలై 1. అసలు పుట్టింది బతుకమ్మ పండగప్పుడని వాళ్ళమ్మ చెప్పేదట. అంటే ఎప్పుడో ఒక సారు కలం కదిపినందుకు కొన్ని నెలలు ముందే ఆమె క్వార్టర్ ఖాళీ చేసింది. మన పాస్‌పోర్టుల్లో కూడా ఇట్లాంటి తేదీలు ఎన్ని ఉన్నయో మీకు తెలుసు.

మొదటి తరం లెక్క చూద్దాం. 1971, 72లో పాతికేళ్ళ వయసులో చేరిన సార్లు 2005 ప్రాంతంలో 58 నిండి వెళ్ళిపోయిన్రు. 1980ల చివర్లో చేరినవాళ్ళు ఇప్పుడు పోతున్నరు. అంటే మన కళ్ళముందు రెండో తరం కూడా ఖాళీ అవుతోంది. వీళ్ళ తర్వాత అంతకాలం ఉండేవాళ్ళు ఎంతమంది అనేది నాకున్న భయం. ఇప్పుడు గురుకులాల్లో కాంట్రాక్టు, పార్ట్‌టైం, గెస్ట్ పేర్లతో పనిచేసేవాళ్ళు ఎందరో. వాళ్ళు మనసు పెట్టరని కాదు. వచ్చే ఏడాది ఉంటామో లేదో తెలియని మనిషిని పిల్ల పేరు గుర్తుపెట్టుకో, పదేళ్ళు కనిపెట్టుకొని ఉండు అని ఎట్లా అడుగుతం? రెండేళ్ళ వీసాల మీద బతికే మనకు అది ఒకరు చెప్పాల్నా?

శుక్రవారం ఫోను

ఇక నా సంగతి. నేను 2003లో జుబైల్ వచ్చిన. మా బిడ్డను 2009లో ఐదో తరగతికి గురుకులంలో వేసినం. వాళ్ళమ్మ ఒక్కతే, పొలం, ముసలి అత్త, చిన్నోడు. వేరే దారి లేదు.

పిల్లలతో తల్లిదండ్రులు మాట్లాడటానికి అక్కడ ఆదివారం. మాకు ఇక్కడ సెలవు శుక్రవారం. ఆదివారం నాకు డ్యూటీ. సాయంత్రం ఐదింటికి పని అయ్యి బస్సెక్కేసరికి అక్కడ ఏడున్నర దాటుతుంది, రాత్రి స్టడీ టైం. మొదటి మూడు నెలలు బిడ్డ గొంతు వినలేదు. ఒక శుక్రవారం ధైర్యం చేసి స్కూలు నంబరుకు కొట్టిన. ఎత్తింది తెలుగు మేడమ్. తప్పు చేసినోడిలా చెప్పుకున్న. ఆమె కాసేపు ఆగి, "రూలైతే ఒప్పుకోదు తమ్ముడూ. శుక్రవారం సాయంత్రం ఆటల టైంల చెయ్యి. నా క్వార్టర్ ఫోనుకే చెయ్యి. పది నిమిషాలు" అన్నది.

ఆ పది నిమిషాలు ఆరేళ్ళు నడిచినయి. నాకు తెలిసి మా పిల్ల ఒక్కతే కాదు. దుబాయ్‌ల, మస్కట్‌ల, కువైట్‌ల ఉన్న తండ్రులందరికీ ఆ క్వార్టర్‌లో ఒక్కొక్క టైం ఉండేది. మేడమ్ గోడకు ఒక క్యాలెండర్ పెట్టి అందులో దేశం పేరు, పిల్ల పేరు రాసుకున్నదని మా బిడ్డ చెప్పింది.

ఒకసారి బిడ్డకు రాత్రి జ్వరం ఎక్కువై ఫిట్స్‌లాగా వచ్చినయి. మేడమ్, వంటమనిషి కలిసి ఆటోలో టౌను హాస్పిటల్‌కు తీసుకపోయి రాత్రంతా కూర్చున్నరు. నాకు ఫోన్ వచ్చింది తెల్లారినాక. నేను కోపంగా, "రాత్రే ఎందుకు చెప్పలే మేడమ్?" అన్న. ఆమె, "రాత్రి చెప్తే నువ్వేం జేస్తవ్ తమ్ముడూ? సముద్రం దాటొస్తవా? ఉన్న నిద్ర పోగొట్టుకునుడే. పొద్దుగాల ఎక్కుడు దిగుడు పనాయె నీది. ఇప్పుడు జ్వరం తగ్గింది. ఇదిగో మాట్లాడు" అన్నది.

నేను అప్పుడు ఎత్తు మీద స్కాఫోల్డింగ్ పని చేసేవాణ్ణి. ఆ సంగతి ఆమెకు మా బిడ్డ చెప్పి ఉంటది. నిద్ర లేకుండ పైకెక్కితే ఏమవుతుందో ఆమె ఆలోచించింది. ఆ రాత్రి ఆమె ఒక్క మా బిడ్డనే కాపాడిందని నేననుకోను.

తాళం తర్వాత

ఫంక్షన్‌కు పోదామనుకున్న. అప్పుడు నేను చేస్తున్న కంపెనీలో లీవు దొరకలేదు, షట్‌డౌన్ పనులున్నయన్నరు. ఆ సంగతి వదిలేయండి, మనలో ఎవరికి జరగలేదు గనక.

నెల తర్వాత మేడమ్‌కు ఫోన్ చేసిన. టౌన్‌లో సొంతంగా కట్టుకున్న రెండు గదుల ఇంట్లో ఉంటున్నదట. ముప్పై ఆరేళ్ళ సర్వీసు, మూడు స్కూళ్ళు, చివరి పందొమ్మిదేళ్ళు ఒక్కచోటే. "ఎట్లున్నది మేడమ్?" అంటే నవ్వింది. "ఐదింటికి లేస్తున్న. గంట లేదు. లేచి ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు. ఇద్దరికి అన్నం వండుడు చాతనైతలేదు, గిన్నెడు మిగులుతున్నది" అన్నది. కాసేపటికి, "క్వార్టర్ ముందట నేను పెట్టిన జామచెట్టు కాయలు పిల్లలకే ఇస్తున్నరో లేదో, మీ బిడ్డను ఒకసారి చూసి రమ్మను" అన్నది. ఆమెది కాని ఇల్లు, ఆమె పెట్టిన చెట్టు.

అప్పుడర్థమైంది ఆ తాళంచెవి దగ్గర నేనెందుకు ఆగిపోయిన్నో. మామూలు ఉద్యోగికి రిటైర్‌మెంట్ అంటే పని మానేసి ఇంట్ల ఉండుడు. గురుకులం టీచరుకు పని, ఇల్లు, పక్కింటోళ్ళు, పిల్లల చప్పుడు, అన్నీ ఒకే రోజు పోతయి. మనకు ఫైనల్ ఎగ్జిట్ కూడా అట్లనే. ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషికి ఇక్కడి చట్టం లెక్కన మొదటి ఐదేళ్ళకు ఏడాదికి అర నెల, తర్వాత ఏడాదికి ఒక నెల, మొత్తం పదిహేడున్నర నెలల జీతం చేతికొస్తది. ఇఖామా ఇచ్చేస్తం, మంచం ఖాళీ చేస్తం, ముప్పై కిలోల పెట్టె కడతం. ఆ మంచం మీద మర్నాడు ఇంకొకడు పండుకుంటడు. ఇంటికి పోయినంక మాత్రం చాలామంది తెల్లవారుజామున బస్సు హారన్ కోసం లేచి కూర్చుంటరని పోయినోళ్ళు చెప్తరు.

ఒక తేడా ఉంది. మనం ఊరికి తిరిగి పోతం, ఆమె ఊరి నుంచి పోయింది. ఆమె ముప్పై ఆరేళ్ళు పెంచిన పిల్లలు ఎక్కడెక్కడో ఉన్నరు. మా బిడ్డ ఇప్పుడు హైదరాబాద్‌ల నర్సు. మొన్న సెలవుకు పోయినప్పుడు బస్సు దిగి స్కూలుకు పోయి జామచెట్టు చూసి వచ్చింది. కొత్తగా వచ్చిన మేడమ్ కాయలు పిల్లలకే కోసిస్తున్నదట. ఆమె కాంట్రాక్టు మేడమ్. ఒక సంచి నింపి, "పాత మేడమ్‌కు ఇయ్యండి" అని మా బిడ్డ చేతికి ఇచ్చింది. ఆ మాట విన్నంక నా భయం పోలేదు గానీ, కొంచెం తగ్గింది.

నాది కూడా వచ్చే ఏడాది ఫైనల్ ఎగ్జిట్. ఇంటికి పోయినంక మొదటి శుక్రవారం సాయంత్రం ఎక్కడికి పోవాల్నో నాకు తెలుసు. ఈసారి ఫోన్ కాదు, మనిషినే పోత.

అన్నలూ, అక్కలూ, ఒక పని చేయండి. మీ పిల్లలను పెంచిన గురుకులం సారు, మేడమ్, వార్డెన్, వంటమనిషి, ఎవరైనా సరే, వాళ్ళు దిగిపోయిన్రో లేదో మీ పిల్లలను అడిగి తెలుసుకోండి. దిగిపోతే ఈ శుక్రవారం ఒక ఫోన్ చెయ్యండి. ఏం మాట్లాడాలో తెలియకపోతే, అన్నం ఎంతమందికి వండుతున్నారని అడగండి. మిగతాది వాళ్ళే చెప్తరు. వాళ్ళు ఒప్పుకుంటే ఆ మాటలు రికార్డు చేసి మాకు పంపండి. ఆ రోజుల సంగతి హాజరుపట్టీల్లో లేదు, వాళ్ళ నోట్లో ఉంది.

వచ్చే శుక్రవారం మళ్ళీ కలుద్దాం. ఎండల్లో జాగ్రత్త, నీళ్ళు తాగండి.